పేనుబంకకు ఏ సీసా కొనాలి? సక్యులెంట్లకు వాడే మందుల సమీక్ష

బంతి మీదో చిక్కుడు మీదో పేనుబంక పడితే ఏ మందు కొట్టామన్నది పెద్ద విషయం కాదు. పురుగు పోతే చాలు, ఆకు మీద నాలుగు మచ్చలు పడినా ఎవరూ పట్టించుకోరు. ఎచెవేరియా దగ్గర ఆ లెక్క కుదరదు. అది సక్యులెంటు, అంటే ఆకుల్లో నీళ్లు దాచుకునే దళసరి ఆకుల మొక్క. దాన్ని కొనేదే ఆకు చూసి. ఆకు మీదుండే తెల్లటి మైనపు పొడి ఒకసారి చెరిగిందంటే ఆ ఆకు మీద మళ్లీ రాదు. కొత్త ఆకులు పుట్టి, పాతవి కిందికి జరిగి ఎండిపోయేదాకా నెలల తరబడి ఆ మరక చూస్తూ కూర్చోవాల్సిందే. అందుకే బజారులో దొరికే సరుకును ఇక్కడ రెండు రకాలుగా పరీక్షించి చూడాలి: పురుగు చస్తుందా, ఆకు నిలుస్తుందా. మొదటి పరీక్షలో దాదాపు అన్నీ పాసే. రెండోదానిలోనే చాలా సీసాలు బోల్తా పడతాయి.

డబ్బు పెట్టే ముందు పురుగేదో తేల్చుకోండి. ఆకు మొదళ్లలో దూది ముక్కల్లా అంటుకుని, ముట్టుకున్నా పెద్దగా కదలకపోతే అది పిండినల్లి, దాని వైద్యం వేరు. పేనుబంక సాధారణంగా మూడు మిల్లీమీటర్లు దాటదు. మెత్తటి ఒళ్లు, వెనకవైపు రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే కనపడతాయి. రంగు ఆకుపచ్చ కావచ్చు, నలుపు కావచ్చు. అడీనియం మీద పసుపు ఒళ్లు, నల్ల కాళ్లతో కనపడేది జిల్లేడు, గన్నేరు మీద గుంపులు కట్టేదే. సక్యులెంట్లలో పేనుబంక ముందు చేరేది పూకాడ మీదికి. మొగ్గల కింద, చిన్న ఆకుల చాటున వరసగా తల కిందికి పెట్టి రసం పీలుస్తుంటుంది. కింది ఆకులు జిగురుగా మెరుస్తూ, వాటి మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొట్టు కనపడితే అది అవి విడిచిన చర్మం. కొన్నాళ్లు అలాగే వదిలేస్తే ఆ జిగురు మీద మసి తెగులు పడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీని కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. చలి, మబ్బు, పొద్దున మంచు దీనికి ఇష్టం. కలాంచో విరగబూసేదీ, ఎచెవేరియాలు కాడలు వేసేదీ దాదాపు అప్పుడే. ఆడపురుగుకు జతతో పని లేదు, గుడ్లతోనూ పని లేదు, నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్ల వారం పది రోజుల్లో తనూ కనడం మొదలుపెడుతుంది. ఒకసారి కొట్టి ఊరుకుంటే లాభం లేకపోవడానికి కారణం ఇదే. తగిలితేనే చచ్చే మందు ఏదైనా ఐదేసి రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టాలి. రెండోసారి మానేసి, మందు పనిచేయలేదని సీసాను తిట్టేవాళ్లే ఎక్కువ.

స్ప్రేయర్, కత్తెర

ముందు కొనాల్సినవి ఇవి. ట్రిగ్గర్ నొక్కే చిన్న బాటిల్ వద్దు. దానిలో ఒత్తిడి రాదు, తలకిందులుగా పట్టుకుంటే గాలే వస్తుంది, పేనుబంక ఉండేదేమో ఆకు కింద. రెండు లీటర్ల చేతిపంపు స్ప్రేయర్, ముక్కు తిప్పితే సన్నటి ధార నుంచి పొగమంచు దాకా మారేది తీసుకోండి. ముక్కు ఇత్తడిదైతే ఎక్కువ కాలం వస్తుంది.

పూకాడ మీద గుంపు ఉంటే ఆలోచించకుండా కాడను మొదట్లో కత్తిరించి, కవర్లో వేసి, మూతి ముడి వేసి చెత్తలో పారేయండి. కంపోస్టులో వేయకండి. చాలా కుండీలకు సగం సమస్య ఇక్కడితోనే తీరుతుంది. మిగిలినదానికి నీళ్లు: కుండీ మట్టిని పాలిథిన్ కవర్‌తో కప్పి, కుండీని పక్కకు వంచి, జానెడు దూరం నుంచి ధార కొట్టాలి. వంచకుండా కొడితే నీళ్లు మొక్క నడిమధ్యలో నిలిచిపోతాయి. చలికాలంలో అవి రెండు రోజులైనా ఆరవు, నడుమ కుళ్లుతుంది. కొట్టాక కెమెరా లెన్సులు దులిపే రబ్బరు బ్లోయర్‌తో ఆకుల సందుల్లోని నీళ్లు ఊదేయండి. ఈ పని పొద్దున్నే చేస్తే మధ్యాహ్నానికి మొక్క ఆరిపోతుంది. కిందపడిన పురుగుల్లో చాలావరకు మళ్లీ మొక్క ఎక్కలేవు.

జేడ్, హవోర్థియా, సెడం, కలాంచో ధారకు తట్టుకుంటాయి. మైనపు పొడి దట్టంగా ఉండే ఎచెవేరియా లౌయీ, లోలా, పాకిఫైటం లాంటివి తట్టుకోవు. వాటి సంగతి చివర్లో.

సబ్బు మందు

ఇక్కడ సబ్బు అంటే లేబుల్ మీద ‘పొటాషియం సాల్ట్స్ ఆఫ్ ఫ్యాటీ యాసిడ్స్’ అని ఉన్నది. పురుగుల సబ్బు అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇది పేనుబంక ఒంటి మీది మైనాన్ని, లోపలి కణాల పొరను దెబ్బతీస్తుంది. తడిగా ఉన్నంతసేపే దీని పని. ఆరిపోయాక మొక్క మీద మందు లేనట్టే లెక్క, అందుకే తర్వాత వచ్చి వాలే తేనెటీగకు దీనివల్ల ప్రమాదం ఉండదు. మా చూపులో బాల్కనీ మొక్కలకు మొదటి మార్కు దీనిదే, ఒక మెలికతో.

ఆ మెలిక నీళ్లు. హైదరాబాదులో చాలా ఇళ్లలో బోరు నీళ్లే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు పురుగు దాకా పోకుండానే వాటితో కలిసి తెట్టు కడుతుంది. మందు కలిపాక ఒక గాజు గ్లాసులో పావుగంట ఉంచి చూడండి. పైన తెల్లటి పెరుగు ముక్కల్లాంటివి తేలితే ఆ నీళ్లు పనికిరావు. ఆర్‌ఓ నీళ్లు, వాన నీళ్లు, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు, వీటిలో ఏదైనా సరే. ‘సబ్బు మందు పనిచేయలేదు’ అన్న రివ్యూల్లో చాలావాటి వెనక ఈ బోరు నీళ్లే ఉంటాయని మా అనుమానం.

మోతాదు దగ్గర సీసా మీది మాటే ఖాయం, ఎందుకంటే ఒక్కో కంపెనీ గాఢత ఒక్కో తీరు. లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి: కలిపిన నీళ్లలో అసలు సబ్బు ఒక శాతం ఉండాలి. యాభై శాతం గాఢత ఉన్న సీసా అయితే లీటరుకు 20 మి.లీ. సక్యులెంట్లకు ముందు సగం మోతాదుతో, అంటే లీటరుకు 10 మి.లీ.తో, ఒక కింది ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. జేడ్ మొక్కకు, యుఫోర్బియా మిలీకి సబ్బు సరిపడదన్న హెచ్చరిక చాలా లేబుళ్ల మీద ఉంటుంది. అవి ఉంటే నీటి ధారతోనే సరిపెట్టుకోండి. కొట్టేది పొద్దున ఎండ ఎక్కకముందు. పురుగు పూర్తిగా తడవాలి. అరగంట ఆగి మామూలు నీళ్లతో కడిగేయండి. ఈ కడగడం మానేస్తే సబ్బు ఆకు మీదే ఆరి, ఎండకు గోధుమరంగు చారలు పడతాయి.

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన వేప సబ్బు, కానుగ సబ్బు కూడా ఈ కోవలోకే వస్తాయి. కూరగాయల రైతుల కోసం పుట్టిన సరుకు. ధర తక్కువ. తురిమి గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడగట్టకపోతే స్ప్రేయర్ ముక్కు మూసుకుపోతుంది, అదొక్కటే చికాకు. సక్యులెంట్లకు లీటరుకు 5 గ్రాములతో మొదలుపెట్టడం మేలు.

గిన్నెలు తోమే లిక్విడ్‌ను చాలామంది సబ్బనుకుని వాడతారు. అది డిటర్జెంట్, జిడ్డు వదిలించడానికే చేసింది. ఎచెవేరియా ఆకు మీది మైనం కూడా దాని లెక్కలో జిడ్డే. పురుగులు చస్తాయి, నిజమే. ఆకు పచ్చగా నున్నగా మారి, తర్వాత ఎండకు మాడుతుంది. బట్టల పౌడర్ కలిపిన నీళ్లయితే ఇంకా ఘోరం, క్షారం ఎక్కువ. కుంకుడు రసం వీటికన్నా మెత్తన, కానీ కొట్టాక కడగకపోతే జిగట మిగులుతుంది, దుమ్ము పడుతుంది.

వేపనూనె

వేపను ఏమన్నా అంటే మనవాళ్లు ఊరుకోరు. అయినా చెప్పాలి: సక్యులెంట్లకు ఇది అందరూ పొగిడినంత మంచి మందు కాదు.

దుకాణంలో ‘వేపనూనె’ అన్న ఒక్క పేరుతో మూడు వేర్వేరు సరుకులు ఉంటాయి. పూజా సామాన్ల కొట్లో దీపారాధనకు అమ్మేది ఒకటి. దానిలో ఏమేం కలిశాయో సీసా చెప్పదు, మొక్కకు వద్దు. గానుగ నూనె రెండోది. ఎరువుల షాపులో 300, 1500, 3000, 10,000 పీపీఎం అని అంకె వేసి అమ్మేది మూడోది. వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం అజాడిరక్టిన్. ఆ అంకె అది ఎంతుందో చెబుతుంది: 1500 పీపీఎం అంటే 0.15 శాతం, 10,000 అంటే ఒక శాతం. రైతులకు చెప్పే మోతాదు 1500 పీపీఎం అయితే లీటరుకు 5 మి.లీ. అదే చెంచా లెక్కను 10,000 పీపీఎం సీసాకు వాడేసేవాళ్లున్నారు. దానికి లీటరుకు 1 మి.లీ. నుంచి మొదలుపెట్టాలి. సీసా కొనేటప్పుడు అంకె చూడకపోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

అజాడిరక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి మాన్పిస్తుంది, చర్మం విడవనీయకుండా ఆపుతుంది. కాబట్టి మర్నాడు పొద్దున పురుగులు అలాగే కనపడతాయి, కంగారుపడి మళ్లీ కొట్టకండి. ఎండకు త్వరగా చెడిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. కలిపిన మందు ఆ రోజే వాడేయాలి. గానుగ నూనె అయితే ముందు 1 మి.లీ. మెత్తటి ద్రవ సబ్బును అరగ్లాసు గోరువెచ్చని నీళ్లలో కలిపి, దానిలో నూనె 3 మి.లీ. పోసి పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, అప్పుడు మొత్తం లీటరు అయ్యేదాకా నీళ్లు పోయాలి. తిరగేసి చేస్తే నూనె పైకి తేలుతుంది. స్ప్రేయర్‌లో మొదట వచ్చేది ఉత్త నీళ్లు, చివర్లో వచ్చేది ఉత్త నూనె. ఆ చివరి మొక్కే మాడుతుంది.

ఇక ఆకు సంగతి. నూనె తెల్లపొడిని కరిగించేస్తుంది, తిరిగి రాని నల్లపచ్చ మరక మిగులుతుంది. ఆకు మీద నూనె పొర ఉండగా 32 డిగ్రీలు దాటిన ఎండ తగిలితే మచ్చలు ఖాయం. మార్చి దాటాక మన ఎండల్లో దీన్ని సక్యులెంట్లకు వాడకపోవడమే మంచిది. అడీనియం, హవోర్థియా, గట్టి ఆకుల గాస్టేరియాకు చలికాలంలో ఫరవాలేదు.

ఆల్కహాల్, పసుపు కార్డులు

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి అద్దడం పిండినల్లికి బాగుంటుంది. పేనుబంకకు అద్దుకుంటూ పోతే తెల్లారుతుంది. నాలుగైదు పురుగులుంటే సరే. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ ఆకు మీద పొరలా మిగులుతుంది, వాడొద్దు. పసుపు జిగురు కార్డు రెక్కలొచ్చిన పేనుబంకనే పట్టుకుంటుంది, కాడ మీద కూర్చున్నది దాని జోలికి పోదు. వచ్చాయా లేదా అని తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

అంతర్వాహిక మందులు

ఎరువుల షాపులో పేనుబంక అనగానే చేతిలో పెట్టేవి రెండు: ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ (కాన్ఫిడార్ పేరుతో ఎక్కువమందికి తెలుసు), థయామెథాక్సామ్ 25 డబ్ల్యూజీ (యాక్టారా). రెండూ మొక్క రసంలోకి ఎక్కుతాయి, ఆ రసం పీల్చిన పురుగు చస్తుంది. పురుగును పోగొట్టడంలో పై సీసాలేవీ వీటికి సాటిరావు. వీటిని ఎడాపెడా వాడకూడదనడానికి కారణం తేనెటీగలు. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ రెండింటినీ ఆరుబయట వాడకుండా నిషేధించింది. పూసే కలాంచోకు, అడీనియానికి మేడ మీద ఇవి పోయకండి. పోయక తప్పదనుకుంటే పూలన్నీ కత్తిరించాక పోయండి.

పైన వదిలేసిన, ఆకు మీద మైనపు పొడి దట్టంగా ఉండే రకాలకు మాత్రం మా ఓటు వీటికే. లౌయీ మీద సబ్బు కొట్టినా, నూనె కొట్టినా, వేలితో తుడిచినా పొడి పోతుంది. మట్టిలో పోసే మందుకు ఆకుతో పనే లేదు. పూకాడ కోసేసి, మొదట్లో మందు పోసి, ఆకును ముట్టుకోకుండా వదిలేయండి.

మోతాదు లీటరుకు ఇమిడాక్లోప్రిడ్ 0.3 మి.లీ., లేదా థయామెథాక్సామ్ 0.2 గ్రాములు. ఇంత చిన్న కొలత మూతతో రాదు. మందుల షాపులో ఇన్సులిన్ సిరంజి తీసుకోండి. ఎర్ర మూత సిరంజిలో మి.లీ.కి 40 గీతలు, కాబట్టి 0.3 మి.లీ. అంటే 12 యూనిట్లు. నారింజ మూతదైతే మి.లీ.కి వంద, అంటే 30 యూనిట్లు. సూది విరిచి పారేసి, సిరంజి మీద పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాసి మందు సీసాతో పాటే దాచండి. పొడిగా వచ్చే థయామెథాక్సామ్‌కు ఇంకో ఉపాయం: 1 గ్రాము పొడిని 100 మి.లీ. నీళ్లలో కరిగించి, దానిలోంచి 20 మి.లీ. తీసి లీటరు చేస్తే సరిగ్గా 0.2 గ్రాములు. 5 గ్రాముల పొట్లం 25 లీటర్లకు వస్తుంది, బాల్కనీకి అది జీవితకాలం సరుకు. పెద్ద పొట్లం అంటగడితే తీసుకోకండి.

మూడంగుళాల కుండీకి 40 మి.లీ., ఐదంగుళాల దానికి 100 మి.లీ. చాలు. మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు పోయాలి, ఎండిన వేర్లు మందును సరిగా పీల్చవు. వానాకాలంలో ఈ పోత కూడా ఒక అదనపు తడే అవుతుంది, ఆ వారం నీళ్లు పెట్టకండి. ఏప్రిల్, మే ఎండలకు ఎచెవేరియాలు ఎదగడం ఆపేస్తాయి. అప్పుడు పోస్తే మందు పైకి ఎక్కదు, వేర్లు కుళ్లే ముప్పు మాత్రం ఉంటుంది. ఎదిగే మొక్కలోనైనా ఫలితం కనపడటానికి వారం పైనే పట్టొచ్చు.

తినే మొక్కలకు ఇవి వద్దు. గంగవావిలి, కలబంద, నల్లేరు, వామాకు కూడా రసం నిండిన మొక్కలే, సక్యులెంట్ల పక్కనే పెడతాం, పచ్చళ్లలోకి కోస్తాం. వాటికి నీళ్లూ సబ్బే.

షాపతను ‘రోగర్ వాడండి, గ్యారంటీ’ అంటే మర్యాదగా వద్దనండి. డైమిథోయేట్ 30 ఈసీ ఘాటు వాసన, బాల్కనీలో కొట్టే మందు కాదు. పైగా పేరు చివర ‘ఈసీ’ అని ఉన్న మందుల్లో ద్రావకాలు ఉంటాయి, మైనపు ఆకును అవే కాలుస్తాయి. ఎచెవేరియా, జేడ్, కలాంచోలుండే క్రాసులేసి కుటుంబానికి మలాథియాన్ పడదన్నది సక్యులెంట్లు పెంచేవాళ్లకు పాత మాటే.

ఏ పురుగుమందు కొన్నా లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషతీవ్రత చెప్పే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఆన్‌లైన్‌లో ‘ఆల్ ఇన్ వన్ ప్లాంట్ కేర్’ అని అందమైన స్టిక్కర్ అంటించిన సీసాల్లో ఈ వివరాలు చాలావాటికి ఉండవు. లోపలేముందో చెప్పని సీసాకు ఎన్ని నక్షత్రాలున్నా కొనకండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు పని తేలిక. ‘సేఫర్’ అనే బ్రాండు సబ్బు కాన్‌సెంట్రేట్ దాదాపు 50 శాతం గాఢత, గాలనుకు 2.5 ఔన్సులు కలిపితే పైన చెప్పిన ఒక శాతమే వస్తుంది. అక్కడి వేపనూనె సీసాల మీద ‘క్లారిఫైడ్ హైడ్రోఫోబిక్’ అని ఉంటే దానిలో అజాడిరక్టిన్ దాదాపు తీసేశారని అర్థం, అది ఉత్త నూనెలాగే పనిచేస్తుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఇంటి తోటలకు ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల అమ్మకం మీద ఆంక్షలున్నాయి.

చీమలు

ఏ మందు కొట్టినా చీమలు తిరుగుతుంటే పేనుబంక మళ్లీ వస్తుంది. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడతాయి, దాన్ని తినే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. చీమల చాక్‌పీస్ గీత ఒక్కసారి నీళ్లు పడితే చెరిగిపోతుంది. ఎర పెట్టడమే నయం: 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ పౌడర్. పౌడర్ ఎక్కువైతే చీమ దారిలోనే చస్తుంది, పుట్ట దాకా మోసుకుపోదు. దూదిలో ముంచి సీసా మూతలో పెట్టి, పిల్లలకు, పిల్లులకు అందకుండా చూసుకోండి. మొసలిపిల్లలాంటి నలుపు, నారింజ మచ్చల పురుగు పేనుబంక మధ్య తిరుగుతుంటే చంపకండి, అది అక్షింతల పురుగు పిల్ల. అది కనపడితే మందులు ఆపేయండి.

కడియం నుంచి తెచ్చినా, కలింపాంగ్ నుంచి కొరియర్‌లో తెప్పించినా, కొత్త మొక్కను రెండు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టండి. వచ్చిన రోజు చూసి ఊరుకోకుండా పదో రోజున మళ్లీ చూడాలి. ఆకుల మధ్య దాక్కుని వచ్చిన పిల్లపురుగు అప్పటికి పిల్లల్ని కనడం మొదలుపెడుతుంది, నడిమధ్య లేత ఆకు విప్పి చూస్తే దొరికిపోతుంది.